తూర్పుకు వీపు

"తవ్వండి" అంది అమ్మ.

నిన్న పొద్దుటి నుంచి ఆవిడ నోట వస్తున్న మాట అదొక్కటే. కోడలు కాఫీ తెచ్చి పక్కన పెడితే "తవ్వండి" అంది. పక్కింటావిడ పలకరించడానికి వస్తే, "నాకు ఓదార్పులేం అక్కర్లేదు, తవ్వమని వాడికి చెప్పు" అంది. పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు. పోయిన భర్త కూర్చునే చేతుల కుర్చీలో కూర్చుని, శాలువా భుజాల చుట్టూ బిగించుకుని వీధి తలుపుకేసి చూస్తోంది. పక్కింటావిడ తర్వాత ఇంకెవరూ ఆ గుమ్మం తొక్కే సాహసం చెయ్యలేదు.

పెరట్లో షెడ్డులో పెద్దకొడుకు చిత్రిక పడుతున్నాడు. ఆ చుట్టుపక్కల ఎవరు పోయినా పెట్టె ఆ షెడ్డులోంచే వెళ్ళాలి. మొన్నటి దాకా మేస్త్రీ అంటే తండ్రి, ఇప్పుడు మేస్త్రీ అంటే ఈయనే. ఇవాళ ఎవరూ పెట్టె చెప్పలేదు. అయినా పొద్దుటి నుంచి ఒకటే పలకను చెక్కుతున్నాడు. ఆ పలక ఇప్పటికి అట్టముక్క అయిపోయింది.

"అత్తయ్యా, రెండు గుక్కలు తాగండి" అంది కోడలు.

"తాగి ఏం చెయ్యను? మీ మామగారు దేవుడికి వీపు చూపించి పడుకుంటే నేను కాఫీ తాగుతూ కూర్చోనా?"

ఈ గొడవకు నిప్పు పెట్టింది కోడలే. ఆర్పడం చేతకాక నిన్నటి నుంచి వంటింటికీ హాలుకూ మధ్య తిరుగుతోంది.

వాళ్ళ సమాధుల తోటలో అందరూ కాళ్ళు తూర్పుకు పెట్టి పడుకుంటారు. ప్రభువు తూర్పు నుంచి వస్తాడని నమ్మకం. చచ్చినవాళ్ళను లేపే బూర మోగిన రోజున లేచి కూర్చుంటే, మెడ కూడా తిప్పక్కర్లేకుండా ఎదురుగా ఆయన ముఖమే కనబడాలి. పాస్టర్లను మాత్రం తల తూర్పుకు పెట్టి, తిప్పి పడుకోబెడతారు. వాళ్ళు లేవగానే ముందు తమ సంఘాన్ని చూసుకోవాలట. అందరూ లేచారా, ఎవరైనా తగ్గారా అని చూసుకుని, అప్పుడు వెనక్కి తిరిగి ప్రభువును చూడాలట. ముసలి మేస్త్రీ పాస్టరు కాడు, బతుకంతా రంపం పట్టిన మనిషి. ఆయన్ను తిప్పి పడుకోబెట్టారు.

మామూలుగా అయితే అలాంటి పొరపాటు జరగడానికే వీల్లేదు. ఆ షెడ్డులో చేసే పెట్టె భుజాల దగ్గర వెడల్పుగా, కాళ్ళ దగ్గర సన్నగా ఉంటుంది. మూత మీద తలవైపున చెక్క సిలువ ఉంటుంది. మూత బిగించాక మోసేవాళ్ళకూ దించేవాళ్ళకూ ఆ సిలువే గుర్తు. కానీ తండ్రికి మాత్రం కొడుకు రెండు కొసలూ ఒకే వెడల్పుతో, తిన్నగా ఉండే పెట్టె చేశాడు. ఇదేం పెట్టెరా అని అడిగితే, "నాన్నది భారీ విగ్రహం, కాళ్ళ దగ్గర ఇరుకవుతుంది" అన్నాడు. అంతా నమ్మారు. తిన్నటి పెట్టెకు మూత ఎటు తిప్పినా సరిపోతుందని ఎవరికీ తోచలేదు.

పెట్టె లోపల గుడ్డ కుట్టేది కోడలు. దిండు తనే కుట్టింది కాబట్టి తల ఎటో తనకు తెలుసు. మూత పెట్టినప్పుడు సిలువ మామగారి పాదాల మీదికి వచ్చింది. చూసింది. దుఃఖంలో మొగుడు పొరబడ్డాడనుకుంది. నలుగురిలో నవ్వులపాలు చెయ్యడం ఎందుకని నోరు కుట్టేసుకుంది. కానీ నిన్న పొద్దున్నే అత్తగారు, "ఆయనకేం, లేవగానే ప్రభువు ముఖమే" అని పక్కింటావిడతో నూరోసారి చెప్పుకుంటుంటే తట్టుకోలేకపోయింది. ఏడుపుతో పాటు ఉన్న మాట కూడా బయటికి వచ్చేసింది.

సాయంకాలానికి వీధి వీధంతా తెలిసింది. "ముసలాయన పాస్టరు పరీక్ష రాయకుండానే పాస్టరుగా పడుకున్నాడు" అని ఎవరో జోకు కూడా వేశారు. అది అమ్మ చెవిన పడింది.

చిన్నకొడుకు ఇవాళ పొద్దెక్కాక వచ్చాడు. ఆ సంఘానికి పాస్టరు అతనే. తెల్ల చొక్కా గుండీలు మెడదాకా పెట్టుకుని, ఇంట్లోకి కూడా గుడిలోకి వచ్చినట్టు నెమ్మదిగా వచ్చాడు.

"అమ్మా, ముందు ఏమైనా తిను."

"తవ్విస్తున్నావా లేదా?"

"నన్ను కాస్త కూర్చోనివ్వు."

"కూర్చో. కూర్చుని చెప్పు."

అతను కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు. రోగుల దగ్గర కూర్చున్నప్పుడు వాడే గొంతు తీశాడు. "అమ్మా, దేవుడికి తూర్పూ పడమరా ఉండవు. సముద్రంలో పోయినవాళ్ళున్నారు. కాలిపోయినవాళ్ళున్నారు. వాళ్ళందర్నీ లేపేవాడికి నాన్నను కాస్త ఇటు తిప్పడం ఒక పనా?"

"మరి మీ పాస్టర్లను తిప్పి ఎందుకు పెడతారు?"

"అది ఆనవాయితీ అమ్మా."

"మీరు చేస్తే ఆనవాయితీ, నేనడిగితే చాదస్తమా?"

"చాదస్తమని నేననలేదు."

"అనలేదు. అలా చూశావు." అమ్మ శాలువా ఇంకా బిగించింది. "భూస్థాపన రోజు ఏమని ప్రసంగించావు? ఈపాటికే నాన్న ప్రభువు ముఖం చూస్తూ ఉంటాడన్నావు. అన్నావా?"

"అన్నాను."

"ఈపాటికే చూస్తుంటే, బూర మోగే దాకా తోటలో పడుకునేది ఎవరు?"

చచ్చినవాడి కళ్ళు చేరెడని, ప్రసంగంలో అందరూ నాలుగు మాటలు ఎక్కువే చెబుతారు. ఆ మాటల్ని పట్టుకుని కన్నతల్లి ఇలా నిలదీస్తుందని ఎవరూ అనుకోరు.

"అది ఆత్మ. ఇది శరీరం" అన్నాడు పాస్టరు.

"నాకు రెండూ కావాలి. ఆయన కళ్ళు కావాలి. కళ్ళు లేకుండా చూసే చూపు నాకొద్దు." అమ్మ కుర్చీ చెయ్యి మీద చరిచింది. "నా చోటు ఆయన పక్కనే తీసి ఉంచారు. పక్కపక్కన లేచి, ఆయన చెయ్యి పట్టుకుని, ఇద్దరం ఒకేసారి చూద్దామనుకున్నాను. పెళ్ళయిన కొత్తలో అనుకున్న మాట అది. ఇప్పుడు నేను లేచి పక్కకు చూస్తే ఏం కనబడుతుందిరా? ఆయన కాళ్ళు. నేను అటు, ఆయన ఇటు. రైల్లో ఎదురెదురు సీట్లలో కూర్చున్న పరాయివాళ్ళలాగా."

పెరట్లో చిత్రిక ఆగింది. మళ్ళీ మొదలైంది.

"వాణ్ణి పిలు" అంది అమ్మ.

మేస్త్రీ వచ్చాడు. చొక్కా మీద, కనుబొమల మీద చెక్క పొట్టు ఉంది. గుమ్మంలోనే నిలబడ్డాడు. తమ్ముడి వైపు చూడలేదు.

"అడుగు మీ అన్నను. పొరపాటా, కావాలని చేశాడా?"

"పొరపాటే అయి ఉంటుంది అమ్మా..."

"నిన్నడగలేదు."

మేస్త్రీ అరచేతి మీది పొట్టు దులుపుకున్నాడు. "పొరపాటు కాదు" అన్నాడు.

కోడలు వంటింటి గుమ్మంలో గోడను పట్టుకుంది. "కావాలని చేశారా? నేను పొరపాటనుకుని ఎన్ని రాత్రుళ్ళు నిద్ర లేకుండా గడిపాను? నా పక్కనే పడుకుని, నేనేడుస్తుంటే చూస్తూ ఊరుకున్నారా?"

ఆయన రెండో అరచెయ్యి కూడా దులుపుకున్నాడు.

"ఎందుకు చేశావు?" అంది అమ్మ.

ఆయన వెనక్కి, షెడ్డు వైపు చూశాడు.

"ఆయన నీకేం తక్కువ చేశాడు? రంపం పట్టడం నేర్పాడు. తన షెడ్డు నీ చేతికిచ్చాడు. మంచాన పడ్డాక కూడా నువ్వు చేసిన పెట్టె మీద చెయ్యి వేసి చూస్తే గాని బయటికి పంపనిచ్చేవాడు కాదు. నీ పని మీద ఆయనకు అంత గర్వం. అలాంటి మనిషిని..." అమ్మ మాట పూర్తి చెయ్యలేకపోయింది.

పాస్టరు లేచి నిలబడ్డాడు. రోగుల గొంతు పోయింది, అసలు గొంతు వచ్చింది. "నేను చెప్పనా అన్నయ్యా ఎందుకు చేశావో? నీకు దేవుడి మీద కోపం. నడిపిది పోయినప్పటి నుంచి నువ్వు గుడి మెట్టు ఎక్కలేదు. రొట్టె తీసుకోవడానికి బల్ల దగ్గరికి రాలేదు. నాన్న భూస్థాపన రోజు కూడా మెట్ల మీదే ఆగిపోయావు. నీ కోపం దేవుడి మీద, తీర్చుకున్నది నాన్న మీద. నోరులేని శవం మీద."

నడిపిది అన్న మాట ఆ ఇంట్లో చాలా ఏళ్ళకు వినబడింది. ఇద్దరు కొడుకుల మధ్య పుట్టిన పిల్ల. పెళ్ళీడుకు వచ్చాక ఒక రోజు తన ప్రాణం తనే తీసుకుంది. ఎందుకో ఎవరికీ చెప్పలేదు. అలా పోయినవాళ్ళకు తోటలో చోటు లేదని అప్పటి సంఘపెద్దలు తేల్చారు. పడమటి గోడ అవతల, తుప్పల్లో, తండ్రే గుంట తవ్వి తండ్రే పడుకోబెట్టాడు. ఆ తర్వాత ఇంట్లో ఎవరూ ఆ పేరెత్తలేదు. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందని అందరూ కడుపు పట్టుకునే బతికారు.

"దాని మాట తేకు" అన్నాడు మేస్త్రీ.

"ఎందుకు తేకూడదు? అదేగా నీ జబ్బు."

"నువ్వు తేకు. ఆ రోజు నువ్వు పాస్టరు చదువుకు సెలవు పెట్టి వచ్చావు. పెద్దల వెనకాల నిలబడి, వాళ్ళు తల ఊపితే నువ్వూ ఊపావు. గుంట దగ్గరికి మీలో ఒక్కరూ రాలేదు. నేనూ నాన్నా మోశాం. ఇద్దరం మోస్తే ఎలా ఉంటుందో తెలుసా పెట్టె? నువ్వు దాని మాట తేకు."

"నాకు అప్పుడు పద్దెనిమిదేళ్ళు నిండలేదు."

"ఇప్పుడు నిండాయిగా. ఈ ఇన్నేళ్ళలో పాస్టరుగా ఎన్నిసార్లు గోడ అవతలికి వెళ్ళావు?"

పాస్టరు ముఖం ఎర్రబడింది. "అందుకని నాన్నను తిప్పేస్తావా? విను. ఎంత చెప్పినా అమ్మ ఆగదని తెలిసి, పొద్దున్నే సంఘం కమిటీతో మాట్లాడాను. సంఘపెద్ద ఒప్పుకున్నాడు. రేపు పొద్దున తవ్వుతున్నాం. పెట్టె తెరవం, తిప్పి పెడతాం. సంఘం ముందు మన పరువు ఏం మిగిలిందో ఇక దేవుడికే తెలియాలి."

"పార వేస్తే నా మీద వెయ్యండి."

"అంత పని చెయ్యాల్సి వస్తే అదీ చేస్తాం."

అన్నదమ్ములు ఒకరి మీదికొకరు వచ్చారు. కోడలు మధ్యకు పరిగెత్తింది. అమ్మ కుర్చీ పక్కన చల్లారిపోయిన కాఫీ గ్లాసు తీసి గోడకేసి కొట్టింది. గ్లాసు పగిలిన చప్పుడుకు అందరూ ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయారు. కాఫీ గోడ మీద నుంచి కారుతోంది.

"ఎందుకు చేశావు?" అంది మళ్ళీ, మొదటిసారి అడుగుతున్నట్టు.

మేస్త్రీ గుమ్మంలోనే కింద కూర్చున్నాడు. అంత మనిషీ కూర్చునేసరికి గుమ్మం నిండిపోయింది.

"నాన్నే అడిగాడు" అన్నాడు.

"ఏం అడిగాడు?"

"తిప్పి పెట్టమని."

"చచ్చినవాడి మీద అబద్ధం చెప్పకురా. కళ్ళు పోతాయి."

"అబద్ధమైతే పోనీ." ఆయన తన చేతుల వైపు చూసుకుంటూ చెప్పాడు. "మంచాన పడకముందు ఒక రోజు షెడ్డులోకి వచ్చాడు. నా పెట్టె తిన్నగా చెయ్యి అన్నాడు. ఎందుకన్నాను. మూత తిప్పడానికన్నాడు. నాకర్థం కాలేదు. అప్పుడు చెప్పాడు."

"ఏం చెప్పాడు?"

"బూర మోగితే తోటలో అందరూ లేచి అటు చూస్తారురా అన్నాడు. ప్రభువుకేం, చూసేవాళ్ళకు కొదవా అన్నాడు. గోడ అవతల మన పిల్ల కూడా లేచి కూర్చుంటుంది. అది చివర్న ఉంది. దానికి కనబడేవన్నీ వీపులే. బతికున్నప్పుడూ దానికి అందరం వీపులే చూపించాం. ఒక్కడైనా ముఖం చూపించాలి కదరా అన్నాడు."

గోడ మీద కాఫీ నేల దాకా వచ్చింది. ఎవరూ తుడవలేదు.

"దేవుడు ఏమీ అనుకోడా అని అడిగాను. అనుకుంటే అనుకోనీ, ముందు దాన్ని చూసి, అదెలా ఉందో చూసి, అప్పుడు వెనక్కి తిరుగుతాను, ఆ కాస్త సేపు ఆగలేనివాడు దేవుడెలా అవుతాడన్నాడు. మీ అమ్మకు చెప్పకు, దాని ఆశ దానికుంది, పాడుచెయ్యకు అన్నాడు. చెప్పనని మాటిచ్చాను. ఇప్పుడు ఆ మాటా పోయింది."

కోడలు శబ్దం లేకుండా ఏడుస్తోంది. పాస్టరు నిలబడినవాడు నిలబడ్డట్టే ఉన్నాడు. తెల్ల చొక్కా పై గుండీ తీసుకున్నాడు, ఊపిరాడనట్టు.

అమ్మ ఏడుస్తుందని ముగ్గురూ అనుకున్నారు. ఆవిడ ఏడవలేదు. ముఖం ముందు తెల్లబడింది, తర్వాత కందిపోయింది. కోపం వచ్చింది. ఇందాకటి కోపం దీని ముందు బలాదూరు.

"దొంగ" అంది.

"అమ్మా..." అన్నాడు పాస్టరు.

"దొంగ ముసలాడు. రోజూ నా పక్కన మోకాళ్ళేసి ప్రార్థన చేశాడు. నీ ముఖం చూడాలి ప్రభువా అని నేనంటే పక్కన కూర్చుని ఆమెన్ అన్నాడు. లోపల ఇది పెట్టుకుని ఆమెన్ అన్నాడు. నా ఆశ నాకుందట. పాడుచెయ్యొద్దట. ఆయన ఒక్కడికే గుర్తుందా అది? నేను కన్నానురా దాన్ని. అది కడుపులో తన్నితే నాకు తెలిసింది, ఆయనకు కాదు. ఆయన లేచి దాన్ని చూస్తుంటే, నేను పక్కనే కూర్చుని దానికి వీపు చూపించి, దేవుణ్ణి చూసి పళ్ళికిలించాలా? నన్నేమనుకున్నాడు?"

ఆవిడ అడుగుతున్నది వాళ్ళను కాదు.

"ఇన్నేళ్ళు..." అంది. "ఇన్నేళ్ళు నేను దాని పేరు ఎత్తితే ఆయన బాధపడతాడని ఎత్తలేదు. ఆయన నా కోసం ఎత్తలేదా? ఇద్దరం ఒకే మంచం మీద పడుకుని, ఒకరికొకరు తెలియకుండా అదే పిల్ల కోసం ఏడిచామా?"

వెంటనే కుర్చీ చేతుల మీద గట్టిగా నొక్కి లేచింది. నిన్నటి నుంచి లేవని మనిషి లేచేసరికి కోడలు పట్టుకోబోయింది. అమ్మ చెయ్యి విదిలించుకుంది.

"రేపు పొద్దున నేనూ వస్తాను" అంది. "గునపాలు తెమ్మని చెప్పు. తవ్వాల్సిందే."

"ఇంతా విన్నాక కూడానా?" అన్నాడు మేస్త్రీ. ఆయన కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"తవ్వాల్సిందే అన్నానుగా."

తెల్లారాక అందరూ సమాధుల తోటలో కలిశారు. రాత్రి పడ్డ జల్లుకు మట్టి మెత్తబడి ఉంది. తోట కాపరి గునపం, పార పట్టుకుని ముసలి మేస్త్రీ సమాధి దగ్గర నిలబడ్డాడు. ఇంకా రాయి పెట్టలేదు. మట్టి దిబ్బ మీద భూస్థాపన నాటి పూలు గోధుమరంగుకు తిరిగి అంటుకుపోయి ఉన్నాయి. సంఘపెద్ద గొడుగు మడిచి కర్రలా ఆనించి, తొందరగా కానిమ్మన్నట్టు పాస్టరు వైపు చూస్తున్నాడు.

పెద్దకొడుకు అందరికంటే ముందే వచ్చాడు. దిబ్బ పక్కన, తల్లి కోసం తీసి ఉంచిన చోట, కాళ్ళు చాపుకుని కూర్చున్నాడు. అక్కడి నుంచి కదిలే మనిషిలా లేడు.

"అన్నయ్యా, లే" అన్నాడు పాస్టరు. రాత్రంతా నిద్రలేదని ముఖం చెబుతోంది. "అమ్మ చెప్పినట్టు కానీ. నాకూ ఇష్టం లేదు."

"ఇష్టం లేకపోతే వద్దను. పాస్టరువి. నీ మాట ఇక్కడ చెల్లుతుంది."

పాస్టరు సంఘపెద్ద వైపు చూశాడు. వద్దనలేదు.

అమ్మ కోడలి భుజం పట్టుకుని నడిచి వచ్చింది. భర్త దిబ్బ దగ్గర ఆగింది. తూర్పుకేసి చూసింది. తర్వాత పడమటికి తిరిగి, ఆ కొస నుంచి చూపు సాగదీసి చూసింది. అంతా చూస్తుండగా వంగి, దిబ్బ మీద అరచేత్తో ఒక్కటేసింది, పడుకున్న మనిషిని లేపుతున్నట్టు.

"ఏమయ్యా తెలివైనవాడా" అంది. "బతుకంతా కొలతలు వేసే బతికావు. అసలు కొలత ఇక్కడ తప్పావు. లేచి కూర్చుంటే నీకు కనబడేది ఏంటి? గోడ. మనిషెత్తు గోడ. పిల్ల ఎక్కడ కనబడుతుంది?"

మేస్త్రీ దిగ్గున తలెత్తాడు. పడమటి గోడకేసి చూశాడు. దేవుడు ఏమనుకుంటాడో, తల్లి ఏమంటుందో తండ్రీ కొడుకులు ఇద్దరూ ఆలోచించారు. పెట్టె కొలత, మూత కొలత, సిలువ ఎటు రావాలో లెక్కేసుకున్నారు. ఇద్దరికీ గోడ గుర్తురాలేదు. మేస్త్రీ అరచేతులతో ముఖం కప్పుకున్నాడు. భుజాలు కదులుతున్నాయి, నవ్వో ఏడుపో తెలియలేదు.

అమ్మ అప్పటికే నడుస్తోంది. సమాధుల మధ్యగా పడమటి గోడ దాకా వెళ్ళి, దాని మీద చెయ్యి ఆనించింది. సున్నం పెచ్చులు రాలాయి.

"ఏమయ్యా కాపరీ, గునపం అక్కడ కాదు. ఇక్కడికి పట్టుకురా."

కాపరి సంఘపెద్దను చూశాడు. సంఘపెద్ద గొడుగు టకటకా కొట్టుకుంటూ వచ్చాడు. "అమ్మా, అది సంఘం గోడ. కమిటీ తీర్మానం లేకుండా ఒక్క రాయి కదపడానికి లేదు."

"నా మొగుణ్ణి కదపడానికి తీర్మానం అయిందిగా. అదే వాడుకోండి."

"ఆ విషయం వేరు, ఈ విషయం వేరు. గోడ అవతల ఉన్నవాళ్ళు..." ఆయన ఆగాడు.

"ఉన్నవాళ్ళు?"

"ఊరికే పెట్టలేదు కదమ్మా."

"అమ్మా, అక్క సంగతి మనం తేల్చలేం" అన్నాడు పాస్టరు మధ్యలోకి వచ్చి. మెల్లగానే అన్నాడు. "తీర్పు దేవుడిది."

"తీర్పు దేవుడిదైతే, గోడ ఎవరిది?"

పాస్టరు రాలిన పెచ్చుల వైపు చూశాడు.

అమ్మ వచ్చి కాపరి చేతిలోంచి గునపం లాక్కుంది. అది ఆవిడ ఎత్తున ఉంది. దాన్ని రెండు చేతులా పట్టుకుని చిన్నకొడుకు ఎదురుగా నిలబడింది.

"నువ్వు పోతే నిన్నెటు పెడతారు?"

"ఇప్పుడా మాటలెందుకమ్మా?"

"చెప్పు."

"తల తూర్పుకు."

"లేవగానే ఎటు చూస్తావు?"

"ఇటు." అతని గొంతు వినబడీ వినబడనట్టుంది. "సంఘం వైపు."

"అందరూ లేచారా లేదా అని చూసుకుంటావు. ఎవరైనా తగ్గారేమోనని చూసుకుంటావు. అవునా?"

అతను తలూపాడు.

"అందులో నీ అక్క ఉందా?"

సంఘపెద్ద దగ్గాడు. కోడలు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. దిబ్బ పక్కన కూర్చున్న మేస్త్రీ లేచి నిలబడ్డాడు గాని దగ్గరికి రాలేదు.

"దేవుణ్ణి అడగమనకు. ఆయన్ను నేను చూసినప్పుడు నేనే అడుగుతాను, నా దగ్గర అడగడానికి చాలా ఉన్నాయి. నిన్నడుగుతున్నాను. నీ సంఘంలో నీ అక్క ఉందా లేదా? ఉందంటే ఇది పట్టుకో. లేదంటే నన్ను కూడా గోడ అవతలే పెట్టించు. అక్కడ దాని చెయ్యి పట్టుకుని కూర్చుంటాను. ముఖం చూపించాలనుకుంటే దేవుడే అక్కడికి వస్తాడు."

పాస్టరు ఒక్కసారి సంఘపెద్దను చూశాడు, ఒక్కసారి గోడను చూశాడు. చేతులు వెనక్కి కట్టుకునే ఉన్నాడు. అమ్మ చాచిన గునపం మెల్లగా కిందికి వాలుతోంది.

"తొందరగా చెప్పరా" అంది. "బరువుగా ఉంది."